నా ఫైలు నా చేతికివ్వండి

(విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర స్త్రీల ఆరోగ్య హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున ఇక్కడికి వస్తూ బెంజ్ సర్కిల్ దగ్గర కాసేపు ఆగాను. బందరు, పామర్రు, ఉయ్యూరు వైపు నుంచి వచ్చే బస్సులు జనాన్ని దింపుతున్నాయి. దిగిన ఆడవాళ్లలో చాలామంది చేతుల్లో బట్టల షాపు సంచులున్నాయి. వాటిలో ఉన్నవి చీరలు కావు. పాత చీటీలు, స్కానింగ్ ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు, మందుల షాపు బిల్లులు. ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చుని ఆస్పత్రి పేరు చెబుతున్నారు. డెల్టా పల్లెల్లో ఏ పెద్ద జబ్బు వచ్చినా చివరికి చేరేది సూర్యారావుపేటకో, బందరు రోడ్డుకో గదా. ఆ సంచే వాళ్ల ఆరోగ్య చరిత్ర. అందులో ఏముందో వాళ్లకు సరిగా తెలియదు. ఏం లేదో అసలే తెలియదు.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ సంచిలో లేని కాగితాల గురించి. అంటే కేస్ షీటు, ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు, మనం సంతకం పెట్టిన అంగీకార పత్రం. ఇవి ఆస్పత్రి రికార్డు గదిలో ఉంటాయి. మన గురించి రాసినవే, మన దగ్గర మాత్రం ఉండవు.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను. మా అమ్మది దివిసీమ. ఆమెకి నలభై దాటీ దాటకముందే గర్భసంచి తీసేశారు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. తెల్లబట్ట అవుతోందని చూపించుకోడానికి వెళ్లింది. వారంలో ఆపరేషన్ అయిపోయింది. ఇంట్లో అందరూ అది మామూలే అనుకున్నారు. మా వీధిలో అప్పటికే చాలామందికి అయింది మరి.

మూడేళ్ల కిందట అమ్మ పెరట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, ‘ఎముకలు బాగా గుల్లబారాయమ్మా. అప్పుడు గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీసేశారా?’ అని అడిగారు. అమ్మ నా వైపు చూసింది. నేను నాన్న వైపు చూశాను. నాన్న చాలాసేపు ఆలోచించి, ‘డాక్టరుగారు సంతకం పెట్టమన్నారు, పెట్టాను’ అన్నారు. ఆ ఒక్క వాక్యమే మా దగ్గరున్న రికార్డు.

స్కానింగ్ చేస్తే తెలుస్తుంది గదా అని మీరనొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ముట్లుడిగిన చాలా ఏళ్లకి అండాశయాలు ముడుచుకుపోతాయనీ, ఆ వయసులో స్కానులో కనబడకపోవడం మామూలేననీ డాక్టరు చెప్పారు. కనబడలేదంటే తీసేశారని చెప్పలేం. తేల్చి చెప్పగలిగింది ఆనాటి ఆపరేషన్ నోట్సే. దానికోసం ఆ నర్సింగ్ హోమును వెతుక్కుంటూ వెళ్లాను. బోర్డు మారిపోయింది. కౌంటరు దగ్గర కుర్రాడు మర్యాదగానే చెప్పాడు: ‘మేడమ్, మూడేళ్లు దాటినవి మేం ఉంచం.’ అంతకుముందు ఇంకో ప్రశ్న కూడా అడిగాడు: ‘మీతో మగవాళ్లెవరూ రాలేదా?’ సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసి, ఇరవై ఏళ్లుగా స్త్రీల ఆరోగ్యం మీద పని చేస్తున్నదాన్ని. మా అమ్మ ఒంట్లో ఏముందో, ఏం లేదో నాకు తెలియదు.

ఇది మా ఒక్క ఇంటి కథయితే ఇక్కడ చెప్పే పని లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఇందులో ఎన్ని అవసరమైనవి, ఎన్ని కావు? ఒక్కొక్క స్త్రీ విషయంలో దీనికి జవాబివ్వగలిగేది ఆమె ఫైలే. తీసిన గర్భసంచిని ప్రయోగశాలకు పంపారా, పంపితే అందులో ఏ జబ్బు కనిపించింది అన్నది బయాప్సీ రిపోర్టులో ఉంటుంది. నేను పల్లెల్లో మాట్లాడిన స్త్రీలలో ఆ రిపోర్టు పేరు విన్నవాళ్లే అరుదు. ‘క్యాన్సర్ వస్తుందన్నారు, తీసేశారు’ అంటారు. వచ్చే అవకాశం ఉందని ఏ కాగితం చెప్పింది అని అడిగితే సంచి తెచ్చి నా ముందు కుమ్మరిస్తారు. అందులో బిల్లులుంటాయి.

అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. వీటిని అరికట్టే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలంది. అంతకుముందు 2008 జనవరిలో ఇంకో తీర్పిచ్చింది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన ఒక అవివాహిత స్త్రీకి, బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. ఆ సంతకం చెల్లదని కోర్టు చెప్పింది. స్పృహలోకి వచ్చాక అడగగలిగిన మనిషి తరఫున ఇంకొకరి అంగీకారం పనికిరాదంది. మా నాన్న పెట్టిన సంతకం గురించి ఆ తీర్పు చదివాకే నేను ఆలోచించాను.

ఫైలు కావలసింది ఆపరేషన్ తప్పా ఒప్పా తేల్చుకోడానికి మాత్రమే కాదు. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం. అమ్మాయికి అవనిగడ్డలోనో గుడివాడలోనో సిజేరియన్ అవుతుంది. రెండో కాన్పు నాటికి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటుంది. అక్కడి డాక్టరు మొట్టమొదట అడిగేది, మొదటి ఆపరేషన్‌లో గర్భసంచి మీద కోత ఎలా పెట్టారని. పొట్ట మీద మచ్చ చూసి లోపలి కోత ఎలాంటిదో చెప్పలేరు. మామూలు కాన్పుకు వీలుందా లేదా అన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. కాగితం లేకపోతే ప్రమాదం ఎందుకని మళ్లీ కత్తి పట్టుకుంటారు. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం సిజేరియన్లే. ఇంతమంది ఆడపిల్లలకి ఆ ఆపరేషన్ నోట్సు అవసరం. తల్లి రక్తం నెగటివ్ గ్రూపు అయితే తొలి కాన్పు తర్వాత ఆంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారా లేదా అన్నదీ అంతే. ఏ మందు పడలేదు, మత్తు ఇచ్చినప్పుడు ఏమైంది అన్నవి ప్రాణం మీదికి వచ్చే సంగతులు.

ఇక చట్టం ఏమంటోంది? ఇక్కడే మనం ఆశ్చర్యపోవాలి. హక్కు కొత్తగా తెచ్చుకోవలసింది కాదు, ఉన్నదే. భారత వైద్య మండలి 2002 వృత్తి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు భద్రపరచాలి. పేషెంటు గానీ, ఆమె అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అది డాక్టరు వృత్తిపరమైన తప్పు కిందికి వస్తుంది. రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించి, అదే నెలలో వాటిని నిలిపివేసింది. కాబట్టి 2002 నిబంధనలే నడుస్తున్నాయి. రహస్యం పేరు చెప్పి పేషెంటుకు తన కాగితాలు నిరాకరించే వీల్లేదని బొంబాయి హైకోర్టు 1996లోనే చెప్పింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన పేషెంట్ల హక్కుల పత్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆస్పత్రిలో ఉండగానే, వీలైతే 24 గంటల్లో, కేసు కాగితాలు చూపించాలనీ నకళ్లివ్వాలనీ అంది.

ప్రభుత్వాస్పత్రి అయితే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో ఇవ్వాలి. ప్రాణానికి సంబంధించినదైతే 48 గంటల్లో. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకి రుసుము లేదు. ఈ చట్టం కింద వచ్చిన ఒక నిర్ణయం మనందరికీ తెలియాలి. ఢిల్లీలో ఒక మహిళ, ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ తన గురించి రాసుకున్న రికార్డులు తనకిమ్మని అడిగింది. 2014లో కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్న మన వరంగల్లు మనిషి మాడభూషి శ్రీధర్ గారు ఆమె వైపు తీర్పిచ్చారు. తన వైద్య రికార్డులు పొందడం పేషెంటు హక్కనీ, దాని మూలం రాజ్యాంగంలోనే ఉందనీ, ప్రైవేటు ఆస్పత్రులకూ ఆ బాధ్యత ఉందనీ చెప్పారు.

ఆ మహిళ అడిగింది మానసిక వైద్యం రికార్డు కావడం గమనించండి. కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసేవాళ్లకి ఇది బాగా తెలుసు. నిద్ర పట్టడం లేదని ఎప్పుడో వాడిన మాత్రల చీటీని భర్త విడాకుల కేసులో తీసుకొచ్చి ‘పిచ్చిది’ అంటాడు. చీటీ ఆయన బీరువాలో ఉంటుంది. డాక్టరు అసలేం రాశారో ఆమెకి తెలియదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 25వ సెక్షను ఆ రికార్డు చూసే హక్కు ఆమెకిచ్చింది. 23వ సెక్షను ఆమె వివరాలు రహస్యంగా ఉంచాలంది. మన దగ్గర జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ఆమెకి దొరకదు, ఆయనకి దొరుకుతుంది.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. పేషెంట్ల హక్కుల గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఒకవైపు ఆస్పత్రిని, ఇంకోవైపు పేషెంటును నిలబెడతారు. ఆడవాళ్ల విషయంలో మధ్యలో ఇంకో మనిషి నిలబడి ఉంటాడు. డిశ్చార్జి రోజున కౌంటరు దగ్గరికి వెళ్లేది, డబ్బు కట్టేది, ఫైలు తీసుకునేది భర్తో కొడుకో అల్లుడో. డాక్టరు చెప్పేదీ ఆయనకే. ఆమె మంచం మీద చెప్పులు వెతుక్కుంటూ ఉంటుంది. కాబట్టి ‘పేషెంటుకు ఫైలివ్వండి’ అని మాత్రమే అడిగితే ఫైలు మళ్లీ ఆయన చేతికే పోతుంది. మనం అడగవలసింది ఆమె పేరుతో, ఆమె చేతికి, ఆమె అనుమతి లేకుండా ఇంకెవరికీ కాదు అని. 18 నిండిన స్త్రీ గర్భస్రావం చేయించుకోడానికి భర్త సంతకాన్ని చట్టం అడగదు. ఆస్పత్రులు అడుగుతున్నాయి. ఆ కాగితం ఆయన చేతిలో పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

హింసకు గురైన స్త్రీలతో పనిచేసేవాళ్లు ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. గృహహింస చట్టం నియమాల ప్రకారం వైద్య పరీక్ష నివేదిక నకలు ఆస్పత్రి ఆమెకి ఉచితంగా ఇవ్వాలి. అత్యాచార బాధితుల వైద్య పరీక్షపై కేంద్ర ఆరోగ్యశాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలూ అదే చెబుతున్నాయి. పోలీసులకు పంపాం, మీకివ్వం అంటే ఒప్పుకోవద్దు.

ఈ పోరాటం మనకి కొత్త కాదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇస్తుంటే స్త్రీశక్తి సంఘటన మిత్రులు అక్కడికి వెళ్లారు. అది ప్రయోగమన్న సంగతే ఆ స్త్రీలకి తెలియదు. 1986లో మరికొన్ని స్త్రీల సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ మిత్రులు తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం మనలో ఎంతమంది చదివి పెరిగామో! తర్వాత 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పేరుతో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలపై అధ్యయనం జరిగింది. చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదికలో ఒక లెక్క ఉంది: ఆంధ్రప్రదేశ్‌కి సంబంధించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఇది బయటపడింది పత్రాలు తీసి లెక్కపెట్టినందువల్లే. కాగితం బయటికొస్తేనే నిజం బయటికొస్తుంది.

న్యూజిలాండులోనూ ఇలాగే జరిగింది. ఆక్లండులోని ఒక పెద్ద స్త్రీల ఆస్పత్రిలో క్యాన్సర్‌కు ముందు దశలో ఉన్న స్త్రీలకు పూర్తి వైద్యం చేయకుండా ఏళ్ల తరబడి గమనిస్తూ ఉండిపోయారు. 1987లో సాండ్రా కోనీ, ఫిలిడా బంకిల్ అనే ఇద్దరు స్త్రీవాదులు ఆ సంగతి రాశారు. న్యాయమూర్తి సిల్వియా కార్ట్‌రైట్ విచారణ జరిపి 1988లో నివేదిక ఇచ్చారు. 1996లో అక్కడ పేషెంట్ల హక్కుల నియమావళి చట్టబద్ధమైంది.

డాక్టర్లు చెప్పే అభ్యంతరాలూ వినాలి. ‘చదివి భయపడతారు’ అంటారు. మా అమ్మ చదవలేక భయపడింది. ‘కోర్టుకెళతారు’ అంటారు. కోర్టు అడిగితే ఎలాగూ ఇవ్వాలి. దాచిపెడితే అనుమానం పెరుగుతుందే గాని తగ్గదు. పది మంచాల నర్సింగ్ హోములో రికార్డులు చూసుకోడానికి ప్రత్యేకంగా మనిషి ఎక్కడుంటాడని ఒక డాక్టరు స్నేహితురాలు అడిగింది. అది నిజమైన ఇబ్బంది. కానీ డబ్బు చెల్లించేవాళ్లకి పంపవలసి వచ్చేసరికి ఆ ఇబ్బంది ఏమవుతోంది? 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకంలో రిపోర్టులన్నీ ఆన్‌లైన్లో పంపితేగాని ఆస్పత్రికి డబ్బు రాదు. అవి క్రమం తప్పకుండా వెళుతున్నాయి. డబ్బు ఇచ్చినవాళ్లకి దొరుకుతున్న కాగితం ఒళ్లు అప్పగించిన మనిషికి ఎందుకు దొరకదు?

పరిశోధకులం మేమూ తక్కువ తినలేదు. ఊళ్లకి వెళ్లి ఆడవాళ్ల చేత ఫారాల మీద వేలిముద్రలు వేయించుకున్నాం. వాళ్ల నెలసరి, కాన్పులు, గర్భస్రావాలు రాసుకొచ్చాం. ఎంతమందికి తిరిగి వెళ్లి చూపించాం? ఈ విమర్శ నా నుంచే మొదలవ్వాలి.

ఇప్పుడంతా కంప్యూటరులోకి వెళుతోంది గదా, ఇక కాగితాలెందుకని కొందరంటున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట మునిగిపోయినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. నీళ్లు తీశాక వెళితే డాబాల మీద బియ్యం పక్కనే ఆస్పత్రి చీటీలు ఆరబెట్టి ఉన్నాయి. సిరా అంతా కారిపోయింది. 2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు ఇస్తున్నారు. దానికి కట్టిన రికార్డులు వరదలో కొట్టుకుపోవు, మంచిదే. కానీ చూడాలంటే ఫోనుకి ఓటీపీ వస్తుంది. ఇంట్లో ఒకటే ఫోను ఉంటే ఆ ఓటీపీ ఎవరి జేబులో మోగుతుంది? కాబట్టి ఖాతా తెరిచేటప్పుడే ఆమె నంబరు ఇవ్వాలి. ఆమెకి ఫోను లేకపోతే కాగితం నకలు అడిగి తీసుకోవాలి.

మన ఆడవాళ్లు కాగితం దాచుకోలేరనే మాట మాత్రం ఒప్పుకోను. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డును చూడండి. చదువు రాని తల్లి కూడా బిడ్డకి ఏ టీకా ఎప్పుడు వేశారో అందులో చూపిస్తుంది. అది ఆమె చేతికిచ్చారు, తెలుగులో ఇచ్చారు. అందుకే దాచుకుంది.

మరి మనం చేయవలసిందేమిటి? మన సంఘాల పనిలో దీన్ని ఒక మామూలు పని చేయాలని నా ప్రతిపాదన. ఆస్పత్రికి తోడు వెళ్లినప్పుడు, డిశ్చార్జి రోజునే, కేసు కోసం కాకపోయినా సరే, ఫైలు అడగాలి. రెండేళ్లు దాటితే వినియోగదారుల కమిషనుకు వెళ్లడం కష్టం. మూడేళ్లు దాటితే ఫైలే ఉండకపోవచ్చు. దరఖాస్తు తెలుగులో నాలుగు వాక్యాలు చాలు:

‘నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ ఆస్పత్రిలో చికిత్స పొందాను. నా ఐపీ నంబరు ఇది. నా కేస్ షీటు, అంగీకార పత్రం, ఆపరేషన్ నోట్సు, మత్తు ఇచ్చిన వివరాలు, బయాప్సీ, స్కానింగు, రక్తపరీక్షల రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీ నకళ్లను 2002 వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో నా చేతికి ఇవ్వగలరు. జిరాక్సు ఖర్చు చెల్లిస్తాను.’

కింద ఆమె సంతకం గాని, వేలిముద్ర గాని ఉండాలి. రెండో కాపీ మీద తేదీ వేసి అందినట్టు సంతకం తీసుకోవాలి. తీసుకోమంటే స్పీడ్ పోస్టులో పంపాలి. వచ్చిన ఫైలును ఆమెతో కూర్చుని, ఏం రాశారో తెలుగులో చెప్పగల నర్సునో డాక్టరునో వెతుక్కోవడం కూడా మన పనే. చదివి చెప్పేవాళ్లు లేని ఫైలు బిల్లుల పక్కన ఇంకో కాగితమే అవుతుంది. ప్రభుత్వాన్ని అడగవలసింది వేరే ఉంది. మూడేళ్ల గడువు పెంచాలి. స్త్రీల అవయవాలు తీసేసిన ఆపరేషన్ల రికార్డు ఆమె బతికున్నంత కాలం ఉంచాలి. డిశ్చార్జి సమ్మరీ తెలుగులో కూడా ఇవ్వాలి.

చివరగా మళ్లీ మా అమ్మ దగ్గరికి వస్తాను. మణికట్టు ఆపరేషన్ అయ్యాక డిశ్చార్జి రోజున ఫైలు కావాలని రాసిచ్చాం. రెండు రోజుల తర్వాత రమ్మన్నారు. వెళ్లాం. కౌంటరులో అబ్బాయి కాగితాల కట్ట నా వైపు చాపాడు. అమ్మ కట్టు కట్టిన చెయ్యి పక్కకి పెట్టుకుని ఎడమ చెయ్యి ముందుకు చాపింది. ‘ఆమెకి కాదు బాబూ, నాకివ్వు. విరిగింది నా చెయ్యి’ అంది.

పాతికేళ్ల కిందటి ఆపరేషన్ గురించి ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఇక తెలియదు కూడా. ఈ ఫైలు మాత్రం ఆమె బీరువాలో, చీరల కింద, తాళం వేసి ఉంది. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది.

సెలవు.